బెంగళూరులో తిరిగే లగ్జరీ సెడాన్‌కు కొత్త టైర్లు ఎలా ఎంచుకోవాలి

కారుతో వచ్చిన టైర్లు అరిగిపోయాక చాలామంది రెండింటిలో ఒక పని చేస్తారు. సర్వీస్ సెంటర్ ఇచ్చిన అంచనా చూసి, గుండె రాయి చేసుకుని సంతకం పెట్టేస్తారు. లేదా ఫోనులో అదే సైజు వెతికి, అన్నిటికన్నా చవకగా కనిపించినదాన్ని తెప్పించుకుంటారు. రెండింటికీ మధ్య ఒక గంట శ్రమతో కూడిన మూడో దారి ఉంది. బెంగళూరులో ఉంటూ పండక్కో, పెళ్లికో, తిరుమల దర్శనానికో అనంతపురం, కర్నూలు, చిత్తూరు వైపు కారు తీసే తెలుగువారిని దృష్టిలో పెట్టుకుని ఆ దారి చెబుతున్నాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ ఊరి కారుకు మంచి టైరంటే తడి రోడ్డు మీద త్వరగా ఆగేది, గుంటలో దిగినా పక్కభాగం చిట్లనిది. మలుపుల్లో రేసు కారులా పట్టు చూపించడం, గంటకు 270 కిలోమీటర్ల వేగాన్ని తట్టుకోవడం ఆ తర్వాతి సంగతులు. టైర్ల ప్రకటనలు ఈ వరుసను సరిగ్గా తలకిందులు చేసి చెబుతాయి.

పాత టైర్లు ఏం చెబుతున్నాయో చూడండి

కారును చదునైన చోట ఆపి, స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పండి. ముందు టైరు ముఖం మీకు కనిపిస్తుంది. పక్కభాగం పై అంచున చిన్న త్రికోణం గుర్తో, టీడబ్ల్యూఐ అనే అక్షరాలో ఉంటాయి. అక్కడి నుంచి అడ్డంగా చూస్తే గాడిలో చిన్న రబ్బరు కట్ట కనిపిస్తుంది. దాని ఎత్తు 1.6 మిల్లీమీటర్లు. ట్రెడ్ (రోడ్డును తాకే గాడుల ముఖం) అరిగి ఆ కట్టతో సమానమైతే చట్టం ప్రకారం కూడా ఆ టైరు ఆయుష్షు తీరినట్టే. కానీ అంతదాకా ఆగడం బెంగళూరు వానల్లో మంచిది కాదు. కొత్త టైరు గాడి దాదాపు 7, 8 మిల్లీమీటర్ల లోతుంటుంది. నీటిని పక్కకు తోసేది ఆ లోతే. అది 3 మిల్లీమీటర్లకు దిగిందంటే టైర్ల దుకాణం వైపు చూడటం మొదలుపెట్టాలి. ఏప్రిల్‌లో కొలిచి, మే నెల ఉరుముల వానలు మొదలయ్యేలోపు మార్చేస్తే నైరుతి, ఆ తర్వాత సెప్టెంబరు, అక్టోబరుల జోరు వానలు అన్నీ కొత్త గాడులతో గడిచిపోతాయి. లోతు కొలిచే చిన్న గేజి విడిభాగాల దుకాణాల్లో చవకగానే దొరుకుతుంది.

ఇప్పుడు అరచేతిని ట్రెడ్ మీద అడ్డంగా బయటి నుంచి లోపలికి, మళ్లీ లోపలి నుంచి బయటికి మెల్లగా జరపండి. ఒక వైపు నున్నగా, ఇంకో వైపు రంపంలా గరుకుగా తగిలితే చక్రం వంకరగా ఈడ్చుకుంటూ నడుస్తోందన్నమాట. అంటే అలైన్‌మెంట్ తప్పింది. మధ్యభాగం మాత్రమే అరిగితే గాలి ఎక్కువ పెట్టారు, రెండు అంచులే అరిగితే తక్కువ పెట్టారు.

జర్మన్ సెడాన్లలో ఇంకో చిక్కుంది. చక్రాలు పైభాగంలో కొద్దిగా లోపలికి వాలి ఉండటం వల్ల లోపలి అంచు ముందుగా అరుగుతుంది. బయట నిలబడి చూస్తే టైరు బాగానే ఉన్నట్టుంటుంది, లోపలి అంచున మాత్రం తీగలు బయటపడి ఉంటాయి. వెనక చక్రాలు స్టీరింగుతో తిరగవు కాబట్టి ఫోను కెమెరాకు లైటు వేసి, బంపరు కింద నుంచి లోపలికి పెట్టి ఫొటో తీయండి. ఈ ఒక్క ఫొటో తీయక హైవే మీద టైరు పేల్చుకునేవారున్నారు.

ట్రెడ్ ఎంత మిగిలినా రెండు సందర్భాల్లో టైరును వదులుకోవాల్సిందే. పక్కభాగంలో బుడిపెలా ఉబ్బు కనిపిస్తే లోపలి దారాలు తెగిపోయినట్టు. దానికి మరమ్మతు లేదు. రెండోది వయసు. పక్కభాగం మీద డీఓటీ అక్షరాలతో మొదలయ్యే వరుస చివర నాలుగు అంకెలుంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఎండలో నిలబడే కారుకు ఐదారేళ్లు దాటాక గాడుల అడుగున సన్నని పగుళ్లున్నాయేమో ప్రతి సర్వీసులోనూ చూపించుకోవాలి. తక్కువ తిరిగే రెండో కారు ఉన్నవారు ఇక్కడే ఏమరుపాటుగా ఉంటారు.

సైజు, బరువు, వేగం

పక్కభాగం మీద 225/50 ఆర్17 98డబ్ల్యూ అని ఉందనుకుందాం. 225 అంటే మిల్లీమీటర్లలో వెడల్పు. 50 అంటే ఆ వెడల్పులో పక్కభాగం ఎత్తు శాతం, అంటే దాదాపు 112 మిల్లీమీటర్లు. 17 అంగుళాలు రిమ్ము వ్యాసం. 98 అన్నది బరువు సూచిక: ఒక్కో టైరు 750 కిలోలు మోయగలదు. డబ్ల్యూ అంటే గంటకు 270 కిలోమీటర్ల వేగానికి తగినది. వి అయితే 240, వై అయితే 300.

ఈ అంకెలను పాత టైరు మీద చూసి ఊరుకోకండి. మీకన్నా ముందు కారు వాడినవారు వేరే సైజు వేయించి ఉండవచ్చు. డ్రైవరు తలుపు తెరిస్తే మధ్య స్తంభం మీద, కొన్ని కార్లలో పెట్రోలు మూత లోపలి వైపు ఒక స్టిక్కరు ఉంటుంది. ప్రమాణం అదే.

దుకాణంలో తరచుగా వినిపించే మాట ఇది: “సార్, 98 ఇప్పుడు స్టాకు లేదు, 94 వేయించుకోండి, ఏమీ కాదు.” 94 అంటే 670 కిలోలు. టైరుకు 80 కిలోల చొప్పున తగ్గింది. ఐదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, మే నెల ఎండలో పెనుకొండ దాటాక గంటకు వంద కిలోమీటర్ల వేగం, ఇవన్నీ కలిసినప్పుడు ఆ తేడా బయటపడుతుంది. బరువు సూచిక, వేగ సూచిక స్టిక్కరు మీద ఉన్నదానికంటే ఎక్కువ ఉండవచ్చు, తక్కువ ఉండకూడదు.

పెద్ద రిమ్ము మీద మోజు ఉంటే ఒక లెక్క చూసుకోండి. 225/50 ఆర్17 నుంచి 225/45 ఆర్18కు మారితే చక్రం మొత్తం ఎత్తు దాదాపు అంతే ఉంటుంది, కానీ పక్కభాగం 112 నుంచి 101 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. గుంటలో పడినప్పుడు రిమ్మును కాచేది ఆ రబ్బరే. సర్జాపుర రోడ్డులోనో వర్తూరు వైపో రోజూ తిరిగేవారికి నా సలహా ఒక్కటే: స్టిక్కరు మీద రెండు సైజులుంటే చిన్న రిమ్ము సైజు తీసుకోండి. కారు అందం కాస్త తగ్గుతుంది, అల్లాయ్ చక్రాల మరమ్మతు బిల్లులు ఇంకా బాగా తగ్గుతాయి.

అమెరికా బావమరిది సలహా

న్యూజెర్సీలోనో డాలస్‌లోనో ఉన్న బావమరిది ఫోనులో ఆల్ సీజన్ పెర్ఫార్మెన్స్ టైర్ల గురించి గంట చెబుతాడు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ ఆల్ సీజన్ 4, కాంటినెంటల్ ఎక్స్‌ట్రీమ్‌కాంటాక్ట్ డీడబ్ల్యూఎస్06 ప్లస్, ఇలా. అవి మంచి టైర్లే, ఆయన చెప్పేది ఆయన ఊరికి నిజమే. ఆ కాంటినెంటల్ టైరు ట్రెడ్ మీద డి, డబ్ల్యూ, ఎస్ అని మూడు అక్షరాలు అచ్చు పోసి ఉంటాయి: పొడి రోడ్డు, తడి రోడ్డు, మంచు. అరుగుతున్నకొద్దీ మంచు అక్షరం ముందుగా చెరిగిపోతుంది, అంటే ఇక మంచులో దాన్ని నమ్మవద్దని సూచన. చక్కని ఆలోచనే, కానీ మనకు ఆ అక్షరంతో పని లేదు.

మామూలు వేసవి టైరు రబ్బరు 7 డిగ్రీల కంటే చలిలో బిగుసుకుపోతుంది. ఆల్ సీజన్ టైర్లు ఆ చలిలోనూ మెత్తగా ఉండేలా తయారవుతాయి. అందుకు బదులుగా వేడి రోడ్డు మీద పట్టును కొంత వదులుకుంటాయి. బెంగళూరులో డిసెంబరు, జనవరి తెల్లవారుజాములు కూడా మామూలుగా 12, 15 డిగ్రీల దగ్గరే ఆగుతాయి. ఏప్రిల్‌లో ఇక్కడ 35 ఉన్న రోజున అనంతపురం, కర్నూలు 40 దాటి ఉంటాయి. ఎప్పుడూ రాని మంచు కోసం రోజూ ఉండే వేడిలో రాజీ పడటం దండగ. పక్కభాగం మీద ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అక్షరాలు, మూడు శిఖరాల మధ్య మంచు రేకు గుర్తు కనిపించినా వాటికోసం అదనంగా డబ్బు పెట్టనక్కరలేదు. మన దుకాణాల్లో దొరికే మంచి టూరింగ్ టైరే (మెత్తగా, ఎక్కువ కాలం నడిచే రకం) ఏడాది పొడవునా మీ ఆల్ సీజన్ టైరు.

టూరింగా, స్పోర్టా?

ఈ రెండు వర్గాల మధ్య తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే. టూరింగ్ వర్గంలో మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ, బ్రిడ్జ్‌స్టోన్ టురాంజా, కాంటినెంటల్ అల్ట్రాకాంటాక్ట్, యోకోహామా అడ్వాన్ డీబీ వంటివి ఉన్నాయి. మెత్తగా నడుస్తాయి, చప్పుడు తక్కువ, ఎక్కువ కాలం మన్నుతాయి. స్పోర్ట్ వర్గంలో మిషెలిన్ పైలట్ స్పోర్ట్, కాంటినెంటల్ మ్యాక్స్‌కాంటాక్ట్, గుడ్‌ఇయర్ ఈగిల్ ఎఫ్1, పిరెల్లీ పీ జీరో వస్తాయి. పట్టు ఎక్కువ, స్టీరింగు కదలికకు వెంటనే స్పందిస్తాయి. త్వరగా అరుగుతాయి, ధర కూడా ఎక్కువే.

స్పోర్ట్ టైర్లు వానలో జారిపోతాయని ఒక అపోహ ఉంది. మంచి కంపెనీల స్పోర్ట్ టైర్లు కొత్తగా ఉన్నప్పుడు తడి రోడ్డు మీద చాలా గట్టిగా ఆగుతాయి. వాటితో ఇబ్బంది గుంటల్లో, చప్పుడులో, అరుగుదలలో వస్తుంది. శక్తివంతమైన ఇంజను ఉండి, ఆదివారం ఉదయాన్నే నంది కొండల మలుపుల్లో కారు నడపడమే మీ ఆనందమైతే స్పోర్ట్ టైరు కొనుక్కోండి, నేను అడ్డు చెప్పను. ఔటర్ రింగ్ రోడ్డు మీద గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో ఆఫీసుకు వెళ్లే కారుకు మాత్రం టూరింగ్ చాలు.

ఒకే వర్గంలోని టైర్లను పోల్చడానికి పక్కభాగం మీదే కొంత సమాచారం ఉంటుంది. ట్రెడ్‌వేర్ అంకె ఎక్కువైతే మన్నిక ఎక్కువ. కానీ ఆ అంకెను తయారీదారే ఇచ్చుకుంటాడు కాబట్టి ఒకే కంపెనీ టైర్ల మధ్య పోలికకే అది పనికొస్తుంది. ట్రాక్షన్ (తడి రోడ్డు మీద పట్టు) దగ్గర ఏఏ ఉంటే మేలు, ఏ అయినా పరవాలేదు, అంతకంటే దిగవద్దు. టెంపరేచర్ (వేడిని తట్టుకునే శక్తి) దగ్గర ఏ మాత్రమే తీసుకోండి. రాయలసీమ ఎండలో పెద్ద బరువుతో నడిచే కారుకు ఇందులో బేరం లేదు. అదే టైరు యూరప్‌లోనూ అమ్ముడవుతుంటే అక్కడి లేబుల్ మీద తడి పట్టుకు ఏ నుంచి ఇ దాకా తరగతి ఉంటుంది. మీ సైజుకే చూడండి. ఒకే పేరుతో ఉన్న టైరుకు సైజును బట్టి తరగతి మారుతుంది, ఇక్కడ తయారైన టైరు అక్కడిదానితో పూర్తిగా ఒకటి కాకపోవచ్చు కూడా.

చప్పుడును తేలికగా తీసుకోకండి. నగరంలో కాంక్రీటు వేసిన రోడ్లు పెరిగాయి, వాటి మీద టైరు హోరు తారు రోడ్డు కంటే గట్టిగా వినిపిస్తుంది. లోపల స్పాంజి అతికించిన నిశ్శబ్ద టైర్లు కొన్ని ఉన్నాయి. బాగుంటాయి, కానీ పంక్చరైతే ఆ స్పాంజిని కొంత కోసి, శుభ్రం చేసి, ప్యాచ్ వేయాలి. హైవే పక్కన దొరికే పంక్చరు షాపులో అది జరిగే పని కాదు.

ఇంకొక మాట. ఎంత మంచి టైరైనా నిలిచిన నీటిలో కారును పడవ చేయలేదు. 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు మునిగినప్పుడు ఖరీదైన కార్లూ నీళ్లలోనే నిలబడ్డాయి. అండర్‌పాస్‌లో నీరు కనిపిస్తే వెనక్కి తిప్పడమే మందు.

రన్‌ఫ్లాట్ ఉంచుకోవాలా?

మీ పాత టైరు మీద ఆర్‌ఎస్‌సీ, ఆర్‌ఎఫ్‌టీ, జెడ్‌పీ, ఎస్‌ఎస్‌ఆర్, ఎంఓఈ వంటి అక్షరాలుంటే అది రన్‌ఫ్లాట్. పక్కభాగం బలంగా ఉండటం వల్ల గాలి పూర్తిగా పోయినా సాధారణంగా గంటకు 80 కిలోమీటర్ల వేగం మించకుండా 80 కిలోమీటర్ల దాకా వెళ్లవచ్చు. ఆ బలానికి మూల్యం ఉంది. ప్రతి గుంటా నడుముకు తెలుస్తుంది, టైరు ఖరీదు ఎక్కువ, గాలి లేకుండా నడిచాక చాలా సందర్భాల్లో పారేయాల్సిందే.

మామూలు టైర్లకు మారితే కారు ఎంత మెత్తబడుతుందో మొదటి స్పీడ్ బ్రేకరు దగ్గరే తెలుస్తుంది. కానీ ఇలాంటి కార్లలో చాలావాటికి స్టెప్నీ ఉండదు. రాత్రి రెండు గంటలకు గుత్తికీ అనంతపురానికీ మధ్య పంక్చరైతే ఏం చేస్తారో ముందే ఆలోచించుకోవాలి. గాలి పంపు, సీలెంటు (పంక్చరు రంధ్రం పూడ్చే ద్రవం) డబ్బా, రోడ్డు మీద సాయం అందించే పాలసీ, ఈ మూడూ కారులో ఉంటాయనుకుంటే నగరంలోనే ఎక్కువ తిరిగేవారు నిశ్చింతగా మారవచ్చు. పక్కభాగం చీలితే మాత్రం సీలెంటు పనిచేయదు. పిల్లలతోనో ఒంటరిగానో తరచుగా రాత్రి ప్రయాణాలు చేసేవారు రన్‌ఫ్లాట్‌కే కట్టుబడి ఉండాలని నా ఉద్దేశం. ఏదైనా నాలుగూ ఒకే రకం కావాలి. ముందు రన్‌ఫ్లాట్, వెనక మామూలు టైరు అనే ఏర్పాటుకు ఒప్పుకోకండి.

రెండా, నాలుగా?

నాలుగు చక్రాలకూ ఇంజను శక్తి అందే కారైతే నాలుగూ కలిపి మార్చండి. చుట్టుకొలతల్లో తేడా ఉంటే శక్తిని పంచే యంత్రభాగం మీద అనవసరమైన భారం పడుతుంది. మిగతా కార్లకు రెండు మాత్రమే మార్చాల్సి వస్తే కొత్తవి వెనక వేయించండి, ముందు చక్రాలతో నడిచే కారైనా సరే. తడి రోడ్డు మీద ముందు చక్రాలు జారితే స్టీరింగులో తెలుస్తుంది, యాక్సిలరేటరు వదిలితే కారు సర్దుకుంటుంది. వెనక జారితే కారు బొంగరంలా తిరుగుతుంది. దుకాణంలో దీనికి విరుద్ధంగా చెబుతారు, వినకండి.

బేరం దగ్గర

విడిభాగాల దుకాణాలుండే జేసీ రోడ్డుకు వెళ్లినా, ఇంటి దగ్గరి పెద్ద షోరూముకు వెళ్లినా రెండు మూడు చోట్ల ధర రాయించుకోండి. ఆ ధరలో టైరు, బిగింపు, బ్యాలెన్సింగ్, వాల్వు, అలైన్‌మెంట్ విడివిడిగా ఉండాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి కారు టైర్ల మీద జీఎస్‌టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఎవరైనా పాత ధరల పట్టిక చూపిస్తే ఈ సంగతి గుర్తు చేయండి.

2020 జూన్‌లో కేంద్రం కార్ల టైర్ల దిగుమతిని ఆంక్షల జాబితాలో చేర్చింది. అందుకే కొన్ని అరుదైన సైజులు వెంటనే దొరకవు, దొరికినా పాత స్టాకు కావచ్చు. డబ్బు చెల్లించే ముందే తయారీ తేదీ ఫొటో పంపమనండి. నీడలో సరిగ్గా నిలవ ఉంచిన టైరు ఏడాది పాతదైనా దోషం లేదు. రెండేళ్లు దాటితే నేనైతే తీసుకోను. నాలుగింటి తేదీలూ దగ్గరగా ఉండాలి. ఐఎస్‌ఐ ముద్ర చూడండి.

బీఎండబ్ల్యూకు నక్షత్రం, మెర్సిడెస్‌కు ఎంఓ, ఆడీకి ఏఓ అనే గుర్తులు ఆ కంపెనీ తన కారుకు సరిపడేలా చేయించుకున్న టైరును సూచిస్తాయి. వారంటీలో ఉన్న కారుకు వీలైతే అవే వేయించండి. పాత కారుకు గుర్తు లేకపోయినా కొంపలు మునిగిపోవు, సైజు, సూచికలు సరిపోతే చాలు.

బిగించే రోజు

చక్రాల బోల్టుల్లో ఒకటి తాళం బోల్టు అయితే దాన్ని విప్పే ప్రత్యేక సాకెట్ డిక్కీలో పనిముట్ల దగ్గర ఉందో లేదో ఇంట్లోనే చూసుకోండి. అది లేక కారు ఎత్తిన జాకీ మీదే సాయంత్రం దాకా ఉండిపోయిన వారున్నారు. రిమ్ముల అంచులకు ఫొటోలు తీయండి, కొత్త గీత ఎవరిదన్న వాదన రాకుండా.

టైరు మీద అవుట్‌సైడ్ అని ఉంటే ఆ వైపు బయటికే రావాలి, బాణం గుర్తుంటే అది చక్రం ముందుకు తిరిగే దిశలో ఉండాలి. ఇవి పొరపాటున తారుమారవుతుంటాయి, కాబట్టి పక్కనే నిలబడండి. గాలి ఒత్తిడి తెలిపే సెన్సర్లు చక్రాల్లో ఉంటే ముందే చెప్పండి, యంత్రం కొక్కెం తగిలితే విరుగుతాయి. పాత బ్యాలెన్సింగ్ బరువులు పీకి, జిగురు తుడిచాకే కొత్తవి అతికించాలి. బోల్టులను గాలి తుపాకీతో బిగించి వదిలేయకుండా చివర టార్కు రెంచితో (బిగువు కొలిచే పానా) సరిచూడమనండి. అలైన్‌మెంట్ నాలుగు చక్రాలకూ చేయించి, చేయకముందు, చేశాక వచ్చిన కొలతల కాగితం తీసుకోండి. పాత టైర్లలో లోపలి అంచు అరుగుదల కనిపించి ఉంటే అలైన్‌మెంట్ కంటే ముందు సస్పెన్షన్ బుష్‌లు చూపించాలి.

గాలి స్టిక్కరు ప్రకారం పెట్టించండి. పెట్రోలు బంకు కుర్రవాడు అలవాటుగా అన్ని కార్లకూ 33 పీఎస్‌ఐ నొక్కుతాడు. నిండు బరువుకు మీ కారు స్టిక్కరు మీద వెనక చక్రాలకు అంతకంటే ఎక్కువ ఉండవచ్చు. టైరు చల్లగా ఉన్నప్పుడే కొలవాలి. హైవే మీద నడిచాక నాలుగైదు పాయింట్లు పెరిగి కనిపిస్తే గాలి తీయించకండి, అది వేడి వల్ల వచ్చిన పెరుగుదల. నైట్రోజన్ ఉచితమైతే పెట్టించుకోండి. మామూలు గాలిలోనూ 78 శాతం నైట్రోజనే.

ఇంటికి వెళ్లేముందు డాష్‌బోర్డులో గాలి ఒత్తిడి వ్యవస్థను రీసెట్ చేయండి. కొత్త టైరు ముఖం మీద అచ్చు నుంచి వచ్చిన నున్నని పొర ఉంటుంది కాబట్టి మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు, ముఖ్యంగా వాన పడుతుంటే, గట్టి బ్రేకులు, దూకుడు మలుపులు వద్దు. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టుల బిగువు ఒకసారి చూపించండి. బిల్లు మీద నాలుగు టైర్ల సీరియల్ నంబర్లూ రాయించుకున్నారో లేదో చూసుకోండి. తయారీ లోపం బయటపడినప్పుడు వారంటీ అడగడానికి ఆ నంబర్లే ఆధారం.